గర్భస్థ శిశువునందలి మూత్రమార్గావరోధము: జననానంతర మూత్రపిండ స్థితిని ముందుగా నెఱుగు ప్రయత్నముల చరిత్ర

మాతృగర్భమందలి శిశువునకు మూత్రము వెడలు దారి మూసికొనిపోయినపుడు మూత్రాశయము ఉబ్బి, దాని గోడలు దళసరియై, లోపలి ఒత్తిడి మూత్రనాళముల వెంట పైకి ప్రాకి, ఇంకను రూపొందుచున్న మూత్రపిండములను చెఱచును. ఈ అవరోధమునకు హేతువులు పెక్కు గలవు గాని, వానిలో ముఖ్యమైనది మగశిశువుల ప్రసేకమున, అనగా మూత్రాశయమునుండి మూత్రమును వెలికి గొనివచ్చు నాళమున, వెనుకభాగమునందు ఏర్పడు కవాటము. ఇట్టి శిశువు పుట్టిన పిదప వాని మూత్రపిండములు పనిచేయునా, చేసినను ఎంతకాలము చేయును అను ప్రశ్నకు గర్భకాలముననే సమాధానము చెప్పవలెనని వైద్యులు సుమారు అర్ధశతాబ్దిగా శ్రమించుచున్నారు. ఆ సమాధానముపై ఒక తల్లియు, ఒక తండ్రియు తమ జీవితములలో మిక్కిలి కఠినమైన నిర్ణయమును చేయవలసియుండుటచే ఈ శ్రమ సామాన్యమైనది కాదు.

ప్రసేక కవాటములను మూడు తెగలుగా విభజించి శాస్త్రీయముగా వర్ణించినవాడు బాల్టిమోరులోని జాన్స్ హాప్కిన్స్ వైద్యాలయమునకు చెందిన హ్యూ హాంప్టన్ యంగ్. ఆయనయు, ఆయన సహచరులును 1919లో ప్రకటించిన ఆ వర్ణన పుట్టిన బిడ్డలను గూర్చినదేగాని గర్భస్థులను గూర్చినది కాదు. 1946లో షికాగోనందలి రోగనిదానశాస్త్రవేత్త ఈడిత్ పాటర్, రెండు మూత్రపిండములును లేక పుట్టిన శిశువుల ముఖలక్షణములను, ఎదగని ఊపిరితిత్తులను వర్ణించెను. గర్భము పదునాఱు వారములు దాటిన పిదప ఉమ్మనీరు చాలవఱకు శిశువు మూత్రమే. అది లేనిచో ఊపిరితిత్తులు పెరుగవు. కనుకనే మూత్రమార్గము మూసికొనిపోయిన శిశువు పుట్టిన దినముననే మరణించుటకు తఱచుగా మూత్రపిండములకంటె ఊపిరితిత్తులే కారణమగును. మూత్రపిండముల భవిష్యత్తును గణించు వైద్యుడు ఊపిరి విషయమును మఱచినచో ఆ గణన వ్యర్థము.

గర్భములోనికి తొంగిచూచు సాధనము అల్ట్రాసౌండుతో వచ్చినది. గ్లాస్గోలో ఇయాన్ డొనాల్డు 1958లో దానిని ప్రసూతివైద్యమునకు పరిచయము చేయగా, పండ్రెండేండ్లకు ఆస్ట్రేలియాలో విలియం గారెట్ బృందము గర్భస్థ శిశువు మూత్రపిండవ్యాధిని ఆ యంత్రముతో గుర్తించినది. 1973లో స్టూవర్ట్ కాంబెల్ బృందము మూత్రాశయము నిండుటను, ఖాళీయగుటను కొలిచి శిశువు గంటకు ఎంత మూత్రమును స్రవించునో లెక్కించుటకు మార్గము చూపెను. నేడు స్కానునందు వైద్యుడు చూచునది ఇది: ఉబ్బిన మూత్రాశయమును, దాని క్రింద వెడల్పైన ప్రసేకపు మొదలును కలసి తాళపు రంధ్రమువలె కానవచ్చును, మూత్రపిండముల కణజాలము తెల్లగా మెఱసి, అందు చిన్న తిత్తులు పొడచూపిన, చేటు జరిగినదని భావింతురు, ఉమ్మనీరు ముందుగానే ఇంకిపోయినచో ఆ అభిప్రాయము దృఢపడును. భారతదేశమున ఒక విశేషము కలదు. ఈ కవాటము మగశిశువులకే కలుగు వ్యాధియైనను, 1994 నాటి గర్భస్థ లింగనిర్ధారణ నిషేధ చట్టము శిశువు లింగమును ఎవరికిని తెలుపరాదని శాసించుటచే, వైద్యుడు వ్యాధిని చెప్పి లింగమును చెప్పక మెలగవలసియుండును. ఆడశిశువుల ప్రాణరక్షణకై వచ్చిన ఆ చట్టము న్యాయమైనది. దానిని పాటించుచునే తల్లిదండ్రులకు విశదముగా బోధించుట ఇక్కడి వైద్యుల నేర్పు.

చేటు ఎప్పుడు జరుగును అను ప్రశ్నకు గొఱ్ఱెపిల్లలు సమాధానమిచ్చినవి. 1971లో బెక్ అను శాస్త్రజ్ఞుడు గర్భస్థమైన గొఱ్ఱెపిల్లల మూత్రమార్గమును కట్టివేసి, అవరోధము గర్భకాలపు పూర్వార్ధమున కలిగినచో మూత్రపిండము వికృతముగా రూపొందుననియు, ఆలస్యముగా కలిగినచో కేవలము ఉబ్బుననియు చూపెను. ఈ పరిశోధనలను మైకేల్ హారిసన్ శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున ముందునకు నడిపి, అవరోధమును గర్భముననే తొలగించినచో ఊపిరితిత్తులు పెరుగుననియు, మూత్రపిండము కొంత కోలుకొనుననియు నిరూపించి, 1981లో మానవశిశువునకు గర్భాశయమును తెఱచి శస్త్రచికిత్స గావించెను. ఆ శిశువు పుట్టిన పిదప జీవింపలేదు. చికిత్స సాధ్యమని తేలినది గాని, ఎవరికి చేయవలెనో తెలియదని కూడ అప్పుడే తేలినది. ఈ శాఖ చరిత్రయంతయు ఆ లోటునుండియే పుట్టినదని నా అభిప్రాయము. చేయుశక్తి ముందు వచ్చి, ఎంచుకొను జ్ఞానము వెనుకబడినది.

ఆ ఎంపికకై వైద్యులు శిశువు మూత్రమునే ఆశ్రయించిరి. ఆరోగ్యవంతమైన గర్భస్థ మూత్రపిండము తాను వడపోసిన ఉప్పులో అధికభాగమును మరల రక్తమునకు చేర్చుకొనును. కనుక దాని మూత్రము పలుచన. సూక్ష్మనాళికలు చెడినచో ఉప్పు జాఱిపోయి మూత్రము రక్తముతో సమానముగా చిక్కనగును. ఈ తర్కముపై హారిసన్ సహచరుడు గ్లిక్ ప్రభృతులు 1985లో ప్రకటించిన కొలతలు ప్రసిద్ధములు: లీటరు మూత్రమున సోడియం 100 మిల్లీ ఈక్వివలెంట్లకును, క్లోరైడు 90కిని, ద్రావణ సాంద్రత 210 మిల్లీ ఆస్మాలులకును లోబడియున్నచో మూత్రపిండము బ్రదుకునని వారి నిర్ణయము. ఈ సంఖ్యలు త్వరలోనే ప్రపంచమంతట వ్యాపించినవి. కాని అవి కొలదిమంది శిశువుల అనుభవముపై నిలిచినవి. 1987లో విల్కిన్స్ ప్రభృతులు ఆ లవణముల లెక్క భవిష్యత్తును తెలుపజాలదని స్పష్టముగా వ్రాసిరి.

విమర్శ వృథా పోలేదు. మూత్రములోని సోడియం గర్భము పెరిగినకొలది సహజముగానే తగ్గుననియు, ఇరువది వారముల శిశువునకును ముప్పది వారముల శిశువునకును ఒకే హద్దు పెట్టుట తప్పనియు తెలిసినది. అంతకంటె ముఖ్యమైన మెలకువ డెట్రాయిట్‌లోని మార్క్ జాన్సన్, మార్క్ ఎవాన్స్ ప్రభృతులది. నెలల తరబడి మూత్రాశయమున నిలిచిన మూత్రము గతకాలపు సాక్ష్యమేగాని నేటిది కాదు; దానిని సూదితో తీసివేసినచో పైనాళములలోనిది దిగివచ్చును; అదియు తీసిన పిదప మూడవమారు చేరునదే మూత్రపిండము ఆ దినములలో నిజముగా స్రవించినది. కావున రెండుమూడు దినముల యెడముతో మూత్రమును మరల మరల తీసి, విలువలు మెఱుగగుచున్నవా, చెడుచున్నవా అని చూడవలెనని వారు 1994లో బోధించిరి. ఒక సంఖ్యను గాక సంఖ్యల గమనమును చూడుమను ఈ మాటలో గొప్ప వివేకము కలదు.

పారిస్‌లో మ్యూలర్, డొమ్మెర్గ్ ప్రభృతులు వేఱొక ద్రవ్యమును పట్టిరి. పుట్టినవారి విషయమున మూత్రపిండమును పరీక్షించుటకు రక్తములోని క్రియాటినిన్‌ను కొలుతురు; కాని గర్భస్థుని క్రియాటినిన్ మాయగుండ తల్లి రక్తమునకు పోవుటచే అది తల్లి స్థితినే తెలుపును. బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ అను చిన్న మాంసకృత్తు మాయను దాటదు. కనుక అది శిశువు మూత్రమున గాని, బొడ్డుతాడు రక్తమున గాని హెచ్చినచో నేరము శిశువు మూత్రపిండములదే యగును. నేటికిని పెక్కు వైద్యశాలలు దీనిని కొలుచుచున్నవి.

2007లో మోరిస్ ప్రభృతులు అంతవఱకు వెలువడిన పరిశోధనలనెల్ల క్రోడీకరించి, మూత్రములోని ఏ ఒక్క ద్రవ్యమును భవిష్యత్తును తగినంత నిశ్చయముగా తెలుపదని తేల్చిరి. మూత్రాశయమునుండి ఉమ్మనీటిలోనికి సన్నని గొట్టము వేయు చికిత్స ఫలమును పరీక్షింప బర్మింగ్‌హాం వైద్యులు నడపిన ప్లూటో పరీక్ష 2013లో ప్రకటితమైనది. 150 మంది గర్భిణులు కావలసియుండగా 31 మంది మాత్రమే చేరిరి; గొట్టము వేసిన 16 మంది శిశువులలో 8 మందియు, వేయని 15 మందిలో 4గురును ఇరువదియెనిమిది దినములు జీవించిరి; రెండేండ్లకు మూత్రపిండములు సరిగానున్నవారు ఇరువురే. ఈ వ్యాధి యెంత క్రూరమైనదో ఆ కడపటి సంఖ్య చెప్పుచున్నది.

అదే సంవత్సరమున ఫ్రాన్సునందలి తులూజ్ నగరమున క్లైన్, షాన్‌స్ట్రా, డెక్రామర్ ప్రభృతులు కవాటము గల గర్భస్థుల మూత్రమున వేలకొలది పెప్టైడులను వెదకి, పండ్రెండింటి కూర్పుతో ఒక కొలమానమును నిర్మించిరి. దానిని 38 మందిపై, వారి గతి ముందుగా తెలియనీయక పరీక్షింపగా, అది చెడు ఫలమును 88 శాతము పట్టుకొనెను. మంచి ఫలమును 95 శాతము గుర్తించెను. మునుపటి లవణముల లెక్కలకంటె ఇది చాల మేలు. అయినను 38 మంది స్వల్పసంఖ్య యగుటచే, ఐరోపాలోని పెక్కు వైద్యశాలలు కలసి దానిని విశాలముగా పరీక్షింపబూనినవి.

ఈ ప్రయత్నములన్నిటియందును ఒక అసమానత కానవచ్చును: చెడును చెప్పుట మంచిని చెప్పుటకంటె తేలిక. ఉమ్మనీరు పూర్తిగా లేక, మూత్రపిండములు తిత్తులతో నిండినపుడు వైద్యుని మాట సాధారణముగా తప్పదు. విలువలు బాగున్నవని పలికిన మాటకు మాత్రము అంత బలము లేదు. పుట్టిన పిదప కవాటమును ఛేదించినను, గట్టిపడిన మూత్రాశయము ఒత్తిడిని విడువక మూత్రపిండములను నొప్పించుచునేయుండును. సూక్ష్మజీవుల సోకుడు మరల మరల రావచ్చును. మొదటి సంవత్సరమున క్రియాటినిన్ దిగివచ్చు కనిష్ఠస్థాయి డెసిలీటరునకు 0.8 మిల్లీగ్రాములకు లోబడినచో శుభమని బాలవైద్యులు తలతురు. అట్టి బాలురలోను కొందఱు, శరీరము వేగముగా పెరుగు కౌమారమున, ఉన్న కొలదిపాటి వడపోత కణజాలము చాలక డయాలసిస్‌కు చేరుదురు. పరిశోధనలలో పెక్కు ఇరువదియెనిమిది దినములకో, రెండేండ్లకో లెక్క ముగించినవి. వానిలో మంచి ఫలమని వ్రాయబడిన బిడ్డలను పదునెనిమిదేండ్లవఱకు వెంబడించి చూచిన లెక్కలు వచ్చునందాక, గర్భముననే చెప్పిన శుభవాక్యమును తల్లిదండ్రులకు గడువుతో కూడిన మాటగానే చెప్పవలసియుండును.