అగ్గువ కిరాయి ఎవరికి? రాంనగర్ గల్లీల నుంచి కొంత చరిత్ర

హైదరాబాద్ చరిత్ర రాసినవాళ్లలో ఎక్కువమంది దేవిడీల దగ్గర మొదలుపెట్టి దర్బార్ల దగ్గర ఆగిపోయారు. ఇల్లు కట్టించినవాడి పేరు గోడ మీద చెక్కి ఉంటుంది. ఆ ఇంట్లో ఇరవై ఏండ్లు కిరాయికున్నవాడి పేరు కరెంటు బిల్లు మీద కూడా ఉండదు. మేము రాయదలుచుకున్నది ఈ రెండోవాడి గురించి. అందులోనూ, కిరాయి కట్టే స్తోమత ఉండి కూడా ఇల్లు దొరకనివాడి గురించి.

2011లో నల్లగొండ జిల్లా పల్లెల నుంచి ఉస్మానియాలో ఎం.ఏ. చదవడానికొచ్చిన ముగ్గురం, హాస్టల్ సీటు రాక రాంనగర్‌లో రూం వెతికినం. మా ముగ్గురి ఇండ్లలోనూ కాలేజీ గడప తొక్కినవాళ్లు మాకు ముందు లేరు. రాంనగరే ఎందుకంటే లెక్క చాలా సాదా. చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్‌లలో అడిగే కిరాయికి ఇక్కడ ఒక అర్ర, దాని ముందు ఇంత వరండా వచ్చేవి. అడిక్‌మెట్ బ్రిడ్జి దాటితే యూనివర్సిటీకి నడిచిపోవచ్చు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ కూడా నడక దూరమే. చేపల మార్కెట్ ఉంది, చిల్లర కొట్టుంది, ఇరానీ చాయ్ ఉంది. బస్సు చార్జీ మిగులుతుంది. పల్లె నుంచి వచ్చినోడికి ఇంకేం కావాలె?

ఒకటి కావాలె. దాన్ని తర్వాత చెప్తాం. ముందు ఈ తావు ఇంత అగ్గువగా ఎందుకుందో చూడాలె.

ముషీరాబాద్ అనే పేరు నిజాం దివాను ముషీరుల్ ముల్క్ అర్‌స్తూ జా మీదుగా వచ్చింది. ఆజమాబాద్‌కు పేరిచ్చింది ఏడవ నిజాం కొడుకు ఆజం జా. పేర్లన్నీ దొరలవే, బతుకులు మాత్రం పనోళ్లవి. 1930లలో ఆజమాబాద్ పారిశ్రామిక వాడ ఏర్పడింది. చార్మినార్ సిగరెట్ చేసే వజీర్ సుల్తాన్ టొబాకో కంపెనీ, అంటే జనం నోట్లో విఎస్‌టి, అక్కడే ఉంది. 1932లో నిజాం రాజ్యంలో 27 బస్సులతో మొదలైన రోడ్డు రవాణా సంస్థ పెరిగి పెరిగి ముషీరాబాద్ దగ్గరి ఒక చౌరస్తాకే ఆర్టీసీ క్రాస్ రోడ్స్ అని పేరు తెచ్చింది. కవాడిగూడలో ప్రాగా టూల్స్, లోయర్ ట్యాంక్‌బండ్‌లో డి.బి.ఆర్. మిల్లు. వీటన్నిటిలో పనిచేసేవాళ్లు ఎక్కడుండాలె? ఫ్యాక్టరీ గోడకు, రైలు పట్టాలకు, జైలు గోడకు, నాలాకు నడుమ మిగిలిన జాగాలోనే. ముషీరాబాద్ జైలు చాలాకాలం ఈ ప్రాంతం నెత్తిన కూర్చుంది. జైలు పక్కన పెద్దోళ్లు బంగళాలు కట్టుకోరు. ఆ జైలుండిన జాగాలోకి 2003లో గాంధీ ఆస్పత్రి వచ్చింది. హుస్సేన్‌సాగర్ మిగులు నాలా దోమల్‌గూడ, అశోక్‌నగర్, నల్లకుంట మీదుగా మూసీలో కలుస్తుంది. ఆ ఒడ్డున అరుంధతి నగర్ అనే బస్తీ ఉంది. ఆ పేరు ఎవరిదో మాదిగ పిల్లోడికి విడమరిచి చెప్పనక్కర్లేదు. 2000 ఆగస్టు వరదలో, మళ్లీ 2020 అక్టోబర్ వరదలో ఆ నాలా ఒడ్డు బస్తీలే ముందు మునిగినై. అగ్గువ అనేది ఎవరో దయతలిచి పెట్టిన ధర కాదు. మురికి, ముంపు, జైలు కలిసి కట్టిన ధర అది.

దళితులకు ఈ వైపు సంబంధం ఫ్యాక్టరీలకంటే పాతది. భాగ్యరెడ్డి వర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, ఆ తర్వాత కొద్ది ఏండ్లకే ఇసామియా బజార్‌లో, లింగంపల్లిలో మన పిల్లల కోసం బడులు తెరిచాడు. ఈ లింగంపల్లి ఈనాడు లోకల్ రైలు ఎక్కి పోయే లింగంపల్లి కాదు, కాచిగూడ, బర్కత్‌పురాల పక్కది. నారాయణగూడ నుంచి నడిచి పోవచ్చు. బడి పెట్టాడంటే చుట్టుపక్కల పిల్లలున్నారనే కదా అర్థం. పిల్లలున్నారంటే ఇండ్లున్నాయి, వాడలున్నాయి. 1931 జనాభా లెక్కల్లో నిజాం ప్రభుత్వం ‘ఆది హిందువులు’ అని రాసుకోవడానికి ఒప్పుకున్నదంటే ఆ వాడల ఒత్తిడి అందులో ఉన్నది. నారాయణగూడ చరిత్ర అంటే విద్యాసంస్థల చరిత్ర అని చెప్పే పెద్దలు, ఆ పక్కనే నడిచిన ఈ బడుల్ని లెక్కలోకి తీసుకోరు. ఇది మరుపా, మర్యాదా?

తర్వాతి కాలంలో జి. వెంకటస్వామిని జనం ‘గుడిసెల వెంకటస్వామి’ అన్నారు. నగరంలో గుడిసెవాసుల కోసం కొట్లాడి ఆ పేరు తెచ్చుకున్నాడు. ఆయన రాజకీయాలతో మాకు పేచీలున్నాయి, అది వేరే వ్యాసం. కానీ బాగ్‌లింగంపల్లిలో అంబేద్కర్ పేరుతో ఆయన పెట్టిన కాలేజీలో చదివినవాళ్లలో మా బంధువులున్నారు. గుడిసెకు పట్టా అడగడం, పట్టా వచ్చినాక పిల్లోణ్ణి కాలేజీకి పంపడం, ఈ రెండూ ఒకే పోరాటంలోని రెండు మెట్లని ఆ తరం ఎరుగుదురు.

కార్మిక సంఘాల చరిత్ర కూడా ఇక్కడ తక్కువది కాదు. విఎస్‌టి కార్మిక నాయకుడు నాయిని నర్సింహారెడ్డి 1978లో ముషీరాబాద్ నుంచి శాసనసభకు గెలిచాడు, 2014లో తెలంగాణ తొలి హోంమంత్రి అయ్యాడు. యూనియన్ జెండా కింద కార్మికుడికి కులం లేదని చెప్పారు. గేటు లోపల అది కొంత నిజం కూడా కావచ్చు. సాయంత్రం గేటు దాటి ఇల్లు కిరాయికి అడగడానికి పోయినప్పుడు మాత్రం అదే కార్మికుడికి కులం ఉండేది. దాని మీద సమ్మె జరిగిందని మేమెక్కడా చదవలేదు.

ఇప్పుడు మా రూం సంగతి. ‘టు లెట్’ బోర్డు చూసి తలుపు కొడితే వచ్చే ప్రశ్నల వరుస మాకు నోటికొచ్చింది. ఏ ఊరు? ఏం చదువుతున్నరు? నాన్నగారేం చేస్తరు? ఇంటిపేరు? చివరికి, ఇక ఆగలేక, ‘మీరేమిట్లు బాబూ?’ మాలో ఒకడు నిజం చెప్పేవాడు, ఒకడు రెడ్లమనేవాడు, ఒకడు క్రిస్టియన్లమని తప్పించుకోబోయి రెండుసార్లు దొరికిపోయినడు. నిజం చెప్పినచోట ఒక్కరు కూడా ‘మీకు ఇయ్యం’ అనలేదు. ‘మా చుట్టాలొస్తున్నరు’ అన్నరు. ‘నిన్ననే అడ్వాన్సు తీసుకున్నం’ అన్నరు. వారం తర్వాత అదే బోర్డు అదే గేటుకు వేలాడుతూనే ఉండేది. ఒక గల్లీలో ‘శాకాహారులకు మాత్రమే’ అని రాసి ఉంది. మృగశిర కార్తె నాడు చేపల కోసం సగం నగరం తోసుకొచ్చేది ఆ పక్క మార్కెట్‌కే! చేప వాసనకు లేని ఇబ్బంది చేప తినేవాడి కులానికెందుకొచ్చిందో ఆ ఇంటాయన్ని అడిగే ధైర్యం అప్పుడు మాకు లేదు.

చివరికి దొరికిన అర్రకు పద్దెనిమిది వందలు. అబద్ధం చెప్పి తీసుకున్నదే. ఏడు నెలలు ఆ అబద్ధం కాపాడుకుంటూ బతికినం. ఇంటికి ఉత్తరం వస్తే భయం, ఊరి నుంచి అమ్మ వస్తే భయం, ఏప్రిల్ పద్నాలుగున నీలి కండువా ఎక్కడ దాచాలో భయం. కులధ్రువీకరణ పత్రం ట్రంకుపెట్టె అడుగున, బట్టల కింద ఉండేది. స్కాలర్‌షిప్ ఫారం నింపిన రాత్రి తలుపు గొళ్లెం పెట్టుకున్నం. పెట్టుకున్నా ఓనరమ్మకు తెలిసింది. ఆమె కొట్టలేదు, తిట్టలేదు. నల్లా దగ్గర మేం పట్టిన బిందెను పక్కకు పెట్టి నల్లా కడిగింది. నెలాఖరుకు ఖాళీ చేసినం.

అంబేద్కర్‌కు 1917లో బరోడాలో జరిగింది అప్పటికే చదివి ఉన్నం. కొలంబియాలో చదివి వచ్చిన మనిషి, మహారాజా కొలువులో ఉద్యోగి, ఉండటానికి చోటు దొరక్క పార్శీ సత్రంలో పార్శీ పేరు పెట్టుకొని దిగాడు. పదకొండో రోజు కర్రలు పట్టుకొని వచ్చి వెళ్లగొట్టారు. స్నేహితులు కూడా చోటివ్వలేదు. బాగ్‌లో కూర్చుని, రాత్రి రైలుకు బొంబాయి వెళ్లిపోయాడు. చదివినప్పుడు అది బాబాసాహెబ్ కథ. రూం ఖాళీ చేసిన నాడు అది మా కథైంది. పల్లెను వదిలి పట్నం పొమ్మన్న ఆయన, పట్నం ఎట్లుంటదో తెలియక చెప్పినవాడు కాదు.

చట్టం లేదా అంటే ఉంది. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం నాలుగో సెక్షన్‌లో, అంటరానితనం పేరుతో ఎవరినీ ఏ ప్రాంతంలోనైనా నివాసం ఉండకుండా అడ్డుకోవడం నేరమని రాసి ఉంది. కానీ ‘చుట్టాలొస్తున్నరు’ అన్న మాటను ఏ పోలీస్ స్టేషన్‌లో రుజువు చేస్తాం? పల్లెలో అంటరానితనానికి హద్దు రాయి ఉంటది, రెండు గ్లాసులుంటయి. పట్నంలో అది మర్యాదగా నవ్వుతది. 2016 జనవరిలో సెంట్రల్ యూనివర్సిటీలో హాస్టల్ నుంచి వెలేసిన ఐదుగురు పరిశోధక విద్యార్థులు ఆరుబయట ‘వెలివాడ’ కట్టుకున్నప్పుడు, రోహిత్ వేముల అందులోనే ఉన్నాడు. అగ్గువ గది దొరకని మా తరానికి ఆ పేరు కొత్తగా అనిపించలేదు.

ఇప్పుడు రాంనగర్ కూడా అగ్గువ కాదు. 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ మెట్రో మొదలై ముషీరాబాద్, ఆర్టీసీ క్రాస్ రోడ్స్, చిక్కడపల్లి, నారాయణగూడలకు స్టేషన్లొచ్చినై. 2023 ఆగస్టులో ఇందిరా పార్క్ నుంచి విఎస్‌టి దాకా ఉక్కు వంతెన తెరిచారు, దానికి నాయిని పేరే పెట్టారు. అశోక్‌నగర్‌లో గ్రూప్స్ పరీక్షలకు చదివే పిల్లల హాస్టళ్లు నిండి, పొంగి ఇటు పారినై. మేమున్న అర్రను ప్లైవుడ్డుతో రెండు చేసి ఆరు మంచాలేశారు. ఒక్కో మంచానికి అప్పటి అర్ర కిరాయికంటే ఎక్కువ. మంచం లెక్కన ఇచ్చేచోట కులం అంతగా అడగరు, అది నిజమే. అడగకుండా ఉండటానికి ధర కట్టారన్నమాట.

ఈ మధ్య గ్రూప్స్ చదువుతున్న మా అక్క కొడుకు కోసం మళ్లీ అవే గల్లీలు తిరిగినం. ఒకాయన ఇంటిపేరు అడగలేదు, ‘ఆధార్ వాట్సప్ చేయండి’ అన్నడు. చేసినం. ఆయన ఫోన్ మళ్లీ రాలేదు. మూడో నాడు ముషీరాబాద్ వైపు ఒక ముస్లిం ముసలమ్మ ఇంటి మీద అర్ర దొరికింది. తన కొడుక్కే బర్కత్‌పురాలో ఫ్లాటు ఇవ్వమన్నరని తర్వాత మాటల్లో చెప్పింది. ఆ రోజు మాత్రం మెట్ల మీద నిలబడి ‘కిత్నే లోగ్ బేటా?’ అని అడిగింది. ‘ఒక్కడే’ అంటే, నల్లా పొద్దుగాల గంటసేపే వస్తదని చెప్పి తాళంచెవి ఇచ్చింది.