ప్యాటీ మిల్స్ వాళ్లింటి ముచ్చట

ప్యాటీ మిల్స్ ముచ్చట చెప్పుమన్నరు గదా బిడ్డా, అయితే బాల్ కాన్నుంచి షురూ చెయ్య. ఆ పిలగాడు పుట్టింది 1988 ఆగస్టుల, ఈ కాన్‌బెర్రాలనే. కానీ ఆయన కథ అంతకు నలభై ఏండ్ల ముందు నుంచి చెప్పాలె. 1949ల దక్షిణ ఆస్ట్రేలియాల ఒక తల్లి ఒళ్లోనుంచి సర్కారోళ్లు పిల్లలను తీస్కపోయిన్రు. అన్నలు, అక్కలు, చెల్లెండ్లు అని సూడలే. ఆ పిల్లలల్ల యివోన్ అనే పసిపిల్ల ఉండె. ఆ పిల్లనే పెరిగి పెద్దగై ప్యాటీకి తల్లి అయింది.

ఏం తప్పు చేసిన్రని తీస్కపోయిన్రు అని అడుగుతరు మీరు. తప్పేం లేదు. వాళ్లు ఈ నేల మీద వేల ఏండ్ల సంది బతుకుతున్న ఆదివాసులు, అంతే. ఆ పిల్లలు తల్లుల కాడ పెరగద్దు, తెల్లోళ్ల పద్ధతుల పెరగాలె అని అప్పటి సర్కారు చట్టమే చేసి పెట్టింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్ల నుంచి 1970 దాంక నడిచింది ఈ అన్యాయం. ఎంతమంది తల్లులు వాకిట్ల నిలబడి ఏడ్చి ఉంటరో ఎవ్వలు లెక్క కట్టగలరు?

2008 ఫిబ్రవరి 13 నాడు ప్రధానమంత్రి కెవిన్ రడ్ పార్లమెంటుల నిలబడి ఆ తరాలకు క్షమాపణ చెప్పిండు. లోపల జాగ లేదు. బయట గడ్డి మీద పెద్ద పెద్ద తెరలు పెట్టిన్రు, వేల మంది వచ్చిన్రు. నేనూ మీ నానమ్మ ఆ గుంపుల నిల్చున్నం. మా ముందట ఒక ముసలామె చేతుల పాత ఫొటో పట్టుకొని, మాట మాటకు దాన్ని గుండెకు అదుముకుంటుండె. మీ నానమ్మ ఆమెతోని ఒక్క మాట మాట్లాడలే, ఊకె పొయ్యి పక్కన నిలబడ్డది. ఆ దినం సంది ప్యాటీ ఆడుతుంటే నాకు వాళ్లమ్మనే యాదికొస్తది.

ఇగ తండ్రి దిక్కు. ఆయన పేరు బెన్నీ. టోరెస్ జలసంధి దీవుల మనిషి. మ్యాపుల ఆస్ట్రేలియా పై కొసకు, పాపువా న్యూ గినీకి నడుమ ఉన్న సముద్రంల రెండు వందలకు మించిన దీవులున్నయి, అవే. అందుల ఒకటి మెర్ దీవి. ఆ దీవిల 1936ల పుట్టిండు ఎడ్డీ మాబో. ప్యాటీకి తాత వరస అయితడు. ఆయన టౌన్స్‌విల్‌ల యూనివర్సిటీల తోటపని చేసేటోడు. ఒకనాడు అక్కడి ప్రొఫెసర్లతోని మాట్లాడుకుంట, మెర్‌ల మా తాతలనాటి భూమి మాది అని చెప్పిండు. చట్టం ప్రకారం ఆ భూమి మీది కాదు, రాణి సర్కారుది అని వాళ్లు చెప్తే మనిషి నిర్ఘాంతపోయిండు.

ఈ మాట నాకు మనసుకు తగిలింది బిడ్డా. మన కరీంనగర్ దిక్కు మా నాయన చిన్నగున్నప్పుడు గూడ గట్లనే, దున్నేటోడు ఒకడు, కాగితం మీద పేరు దొరది. తరతరాలు చెమటోడ్చిన చెలక కాడనే నిలబడి, ఇది నాది అని చెప్పలేని బతుకు ఎట్లుంటదో మా నాయన చెప్తే విన్న. మాబో బాధ నాకు పుస్తకం చదివి అర్థం కాలే.

మాబో 1982ల కోర్టుకెక్కిండు. తెల్లోళ్లు వచ్చేనాటికి ఈ నేల ఎవ్వలదీ కాదు అన్న మాట మీదనే దేశం కట్టిన్రు, ఆయన ఆ మాటతోనే కొట్లాటకు దిగిండు. పదేండ్లు నడిచింది కేసు. 1992 జనవరిల కాన్సర్ వచ్చి చనిపోయిండు. అయిదు నెలలు కాకముందే, జూన్ 3 నాడు, మన కాన్‌బెర్రా చెరువు గట్టున ఉన్న హైకోర్టుల ఏడుగురు జడ్జీలల్ల ఆరుగురు ఆయన దిక్కు తీర్పిచ్చిన్రు. గెలిచిన ముచ్చట ఆయన చెవిన పడనే లేదు.

ఆ తీర్పు నాడు ప్యాటీకి ఇంక నాలుగేండ్లు నిండలే. ఆ నాలుగేండ్లకే బాస్కెట్‌బాల్ కోర్టుల దిగిండు. ఎక్కడంటే, వాళ్లమ్మా నాయనా నిలబెట్టిన క్లబ్బుల. దాని పేరు షాడోస్. కాన్‌బెర్రాల ఉండే ఆదివాసి కుటుంబాల పిల్లలు, దీవులోళ్ల పిల్లలు ఒక్కకాడ కూడి ఆడుకోవాలె, ఒకర్నొకరు ఎరిగి ఉండాలె అని ఆ ఇద్దరు చేసిన పని అది. తల్లి చిన్నప్పుడు ఇల్లు పోగొట్టుకున్నది, పెద్దగైనంక వేరేటోళ్ల పిల్లలకు గూడ ఇల్లసొంటి జాగ చేసింది. ఎన్ని కప్పులు గెలిచిన్రు అన్నది నాకు అవసరం లేదు, ఈ ఒక్క ముచ్చట చాలు ఆమెకు దండం పెట్టనీకి. ప్యాటీ ఆ పిల్లల నడుమ బాల్ కొట్టుకుంట, దీవుల ఆటపాటలు నేర్చుకుంట పెరిగిండు.

ఆ పొయ్యిల ఇంకో కట్టె ఎయ్యి నాయనా, జూలై చలి ఊర్కనే పోదు.

బాస్కెట్‌బాల్‌ల ప్యాటీకంటే ముందు నడిచిన ఆదివాసులు, దీవులోళ్లు గూడ ఉన్నరు. మైకేల్ అహ్ మాట్ అని ఒకాయన 1964 టోక్యో ఒలింపిక్స్‌ల ఆస్ట్రేలియాకు ఆడిండు. ఈ దేశం తరఫున బాస్కెట్‌బాల్ ఆడిన మొదటి ఆదివాసి ఒలింపియన్. జర ఆలోచించుర్రి. దేశం బనీను తొడుక్కొని ఆడుతుండు, కానీ దేశం జనాభా లెక్కలల్ల ఆదివాసులను లెక్కవెట్టద్దని రాజ్యాంగంలనే రాసి ఉండె. 1967 మే నెలల జనం ఓట్లేసి, నూటికి తొంభై మంది అవునంటే అప్పుడు తీసేసిన్రు ఆ మాట. ఆయన తర్వాత డ్యానీ మోర్స్యూ, థర్స్‌డే దీవి మనిషి, 1980 మాస్కోల, 1984 లాస్ ఏంజెలెస్‌ల ఆడిండు. ఈయన ప్యాటీకి మామ వరస. అంటే ఇంట్లనే ఒలింపిక్స్ ముచ్చట్లు వినుకుంట పెరిగిండు పిలగాడు. 2008ల బీజింగ్ ఒలింపిక్స్‌కు పోతే, అట్ల ఆడినోళ్లల్ల మూడోవాడు అయిండు.

బీజింగ్‌ల ఆట నడుమనే ఇరవై నిండినయి. క్వార్టర్ ఫైనల్ల అమెరికా ఎదురొచ్చింది. కోబీ, లెబ్రాన్ అందరున్న టీం అది. మనోళ్లు ఓడిపోయిన్రు, కానీ ఈ పొట్టిగుంటడు ఇరవై పాయింట్లు కొట్టిండు. పొట్టి అంటున్న గానీ ఆరడుగులు దాటుతడు, ఆ ఆటల ఆరడుగులంటే పొట్టే మరి. అప్పటికి కాలిఫోర్నియాల సెయింట్ మేరీస్ కాలేజీల చదువుతుండు. 2009ల అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏల టీములు కొత్తోళ్లను ఏరుకునేటప్పుడు అరవై మందిల యాభై అయిదో పేరు ఆయనది. పోర్ట్‌లాండ్ తీస్కున్నది. ఇంక ఒక ఆట ఆడకముందే కాలి ఎముక విరిగింది. రెండేండ్లు ఎక్కువ బెంచి మీదనే కూసున్నడు. 2011ల ఓనర్లకు, ఆటగాళ్లకు పంచాయితి వచ్చి ఎన్‌బీఏ ఆగిపోతే మెల్‌బోర్న్ టైగర్స్‌కు ఆడిండు, ఆడికెళ్లి చైనాకు పోయిండు. చివరకు 2012ల శాన్ ఆంటోనియో స్పర్స్ పిలిచింది. అక్కడ గూడ మొదట్ల బెంచే. బెంచి మీద కూసొని తువ్వాల గిరగిర తిప్పుకుంట తోటోళ్లను ఉషారు చేసేటోడు. ఆడే మోకా రాకపోతే మూతి ముడుచుకునే వాళ్లను మస్తుగ సూసిన, ఈ పిలగాడు అట్ల చెయ్యలే.

2013ల స్పర్స్ ఫైనల్ దాంక వచ్చి మయామి చేతుల ఏడో ఆటల ఓడిపోయింది. ఆ ఎండకాలమంత ప్యాటీ ఒళ్లు దగ్గరవెట్టుకొని, సన్నబడి, గట్టిపడి వచ్చిండు. 2014ల మల్ల ఫైనల్, మల్ల మయామినే. మొదటి ఆటకు రెండు దినాల ముందు, మాబో తీర్పొచ్చిన దినం జూన్ 3 వచ్చింది. కోచ్ గ్రెగ్ పోపోవిచ్ టీమునంత కూసోపెట్టి, తెర మీద ఎడ్డీ మాబో ఫొటో పెట్టిండు. ఈయన ఎవ్వలు, ఏం చేసిండు, మీ నడుమ కూసున్న ప్యాటీకి ఏమయితడు అన్నది అందరికి చెప్పిండు. టెక్సస్‌ల, ఒక ఆటగాళ్ల గదిల, అమెరికోళ్లు, ఫ్రాన్సోళ్లు, అర్జెంటీనాయన, అందరు మెర్ దీవి భూమి గురించి విన్నరు. కోచ్ అంటే నాకు ఇట్లాంటోడే. తన కింద ఆడే పిలగాడు ఎవ్వల ఇంటి బిడ్డనో ఎరిగినోడు.

అయిదో ఆట జూన్ 15 నాడు. మయామి మొదట్ల పదహారు పాయింట్లు ముందుకు పోయింది. స్పర్స్ మెల్లగ అందుకున్నది, దాటింది. మూడో క్వార్టర్‌ల ప్యాటీ దిగిండు. దూరం నుంచి ఒకటి, ఇంకోటి, మల్లొకటి. ఆ ఒక్క క్వార్టర్‌లనే పద్నాలుగు పాయింట్లు. ఆట అయ్యేసరికి పదిహేడు. 104కు 87, స్పర్స్ గెలిచింది. గెలిచినంక అందరు ఎగురుతుంటే ప్యాటీ భుజాల మీద టోరెస్ జలసంధి జెండా కప్పుకొని నిలబడ్డడు. పైనా కిందా పచ్చ పట్టీలు, నడుమ నీలం, ఆ నీలంల తెల్లటి తలపాగ, దాని కింద నక్షత్రం. ఆ దీవులోళ్లు తలకు పెట్టుకునే ఆ తలపాగను ధారీ అంటరు. బెర్నార్డ్ నమోక్ అనే థర్స్‌డే దీవి మనిషి 1992ల గీసిండు ఆ జెండాను. ఆ రాత్రి లోకమంత టీవీల సూసింది. ఇదెక్కడి జెండా అని అమెరికాల మీ పెదనాయన మాకు ఫోన్ చేసి అడిగిండు. చెప్పిన.

ఇగ ఒలింపిక్స్ పతకం ముచ్చట. మగోళ్ల టీం పేరు బూమర్స్. 1956ల మెల్‌బోర్న్ నుంచి ఆడుతున్నరు, కానీ మస్తు ఏండ్ల దాంక పతకం రాలే. 1988ల కాంస్యం ఆటల అమెరికా ఓడగొట్టింది. 1996ల, 2000ల రెండుసార్లు లిథువేనియా. ఆ మూడింటిల ఆండ్రూ గేజ్ ఉన్నడు. ఎంత గొప్ప ఆటగాడు! నాయన లిండ్సే కోచ్, కొడుకు ఆటగాడు, అయిదు ఒలింపిక్స్, సిడ్నీల దేశం జెండా మోసినోడు. ఆయనకు పతకం లేకపోవుడు నాకు ఇప్పటికీ కడుపుల మంటనే. ఆడోళ్ల టీం ఓపల్స్ మాత్రం లారెన్ జాక్సన్ దినాలల్ల 2000, 2004, 2008 మూడుసార్లు వరుసగ వెండి తెచ్చింది. ఆమె ముచ్చట ఇంకోనాడు పూర్తిగ చెప్త.

2012 లండన్‌ల రష్యా మీద గంట మోగేటప్పుడు ప్యాటీ దూరం నుంచి కొట్టిన బాల్ పడి 82కు 80 గెలిచినం. ఆ ఒలింపిక్స్ మొత్తంల ఆటకు ఎక్కువ పాయింట్లు కొట్టింది ఆయననే. 2016 రియో అంతకంటే దగ్గరికి వచ్చింది. కాంస్యం ఆట, స్పెయిన్ మీద. ప్యాటీ ముప్పై పాయింట్లు కొట్టిండు. ఒక్క పాయింట్ ముందున్నం, అయిదారు సెకన్లు మిగిలినయి. రెఫరీ ఈల ఊదిండు, ఫౌల్ ప్యాటీ మీద. స్పెయినోడు రెండు ఫ్రీ త్రోలు వేసిండు. 89కు 88. మల్ల నాలుగో జాగనే. ఆ ఫౌల్ ఇయ్యొచ్చా ఇయ్యరాదా అని నేను ఎవ్వలతోనన్న ఇప్పటికీ వాదిస్త. నా లెక్కల ఇయ్యరాదు.

టోక్యో ఒలింపిక్స్ కరోనా పుణ్యాన 2021ల జరిగినయి. మొదటి దినం ఈత పిల్ల కేట్ క్యాంప్‌బెల్‌తోని కలిసి ప్యాటీ దేశం జెండా పట్టుకొని నడిచిండు. ఒక ఆదివాసి బిడ్డ ఒలింపిక్స్ మొదటి దినాన ఆస్ట్రేలియా జెండా మోసుడు అదే మొదలు. తల్లిని ఎత్తుకపోయింది ఈ దేశమే, కొడుకు చేతికి జెండా ఇచ్చింది ఈ దేశమే. ఈ రెండు మాటలు పక్కపక్కన పెట్టుకొని ఆ రాత్రి నేను మస్తు సేపు నిద్రపోలే.

సెమీఫైనల్ల అమెరికా ఓడగొట్టింది. ఆగస్టు 7 నాడు కాంస్యం కోసం స్లొవేనియా మీద ఆట. ఆ దిక్కు లూకా డాన్చిచ్ అనే పెద్ద ఆటగాడు ఉన్నడు. మన దిక్కు ప్యాటీ నలభై రెండు పాయింట్లు కొట్టి, ఇంకో తొమ్మిది బుట్టలకు బాల్ అందించిండు. 107కు 93. ఆట అయినంక ఆయన, తోటి ఆటగాడు జో ఇంగిల్స్ ఒకర్నొకరు పట్టుకొని ఏడ్చిన్రు. టీవీల మాట్లాడుతున్న ఆండ్రూ గేజ్ గొంతు పూడిపోయింది. మీ నానమ్మకు బాస్కెట్‌బాల్ ఏం తెల్వదు, ఆమె గూడ కండ్లు తుడుచుకున్నది.

అంతకు ఏడాది ముందు ఇంకో పని చేసిండు. కరోనాల ఎన్‌బీఏ ఓర్లాండోల గేట్లు మూసి ఆటలు ఆడిస్తే, నేను పోత, కానీ ఆ ఆటల పైసలు నాకద్దు అన్నడు. 10,17,818 డాలర్ల 54 సెంట్లు, మొత్తం ఆస్ట్రేలియాల నల్లోళ్ల హక్కుల కోసం కొట్లాడే సంఘాలకు ఇచ్చిండు. జైళ్లల్ల చనిపోతున్న ఆదివాసుల కోసం నడిచే ఉద్యమం అందుల ఒకటి. సెంట్లతోని సహా లెక్క చెప్పిండు సూడు, దాచుకున్నది ఒక్క పైస లేదని.

2024 పారిస్ ఆయనకు అయిదో ఒలింపిక్స్. బూమర్స్‌ల అట్ల అయిదు ఆడినోడు ఆయనకు ముందు గేజ్ ఒక్కడే. క్వార్టర్ ఫైనల్ల సెర్బియా మీద ఇరవై నాలుగు పాయింట్ల దాంక ముందుకు పోయి, అంత పోగొట్టుకున్నరు. ఆట చేజారింది అనుకునేసరికి, ఒకటిన్నర సెకను గూడ లేదనంగ, ముప్పై అయిదేండ్లు దాటిన ప్యాటీ మీద పడ్డోళ్లను తప్పించుకొని ఒక బాల్ వేసి స్కోరు సమం చేసిండు. అదనపు సమయంల సెర్బియానే గెలిచింది, 95కు 90. ఓడిన ఆటనే, కానీ టోక్యో ఆట సూసినంక దీన్ని గూడ పెట్టుకొని సూడుర్రి. ఆఖరి నిమిషం ఒక్కటే సూసుడు గాదు, మొదటి నుంచి సూడాలె.