కాలేయ మార్పిడి తర్వాత మందుల తగ్గింపు: డెన్వర్ నుంచి పల్నాడు దాకా

మార్పిడి చేసిన కాలేయాన్ని శరీరం పరాయిదిగా గుర్తించి దెబ్బతీయకుండా రోగనిరోధక శక్తిని అణచి ఉంచే మందులు వాడతారు. ఇవి జీవితాంతం తప్పవన్నది మొదటినుంచీ ఉన్న నియమం. మోతాదును ఎంతవరకు తగ్గించవచ్చన్నది అనుభవం మీద క్రమంగా తేలుతూ వచ్చింది.

1963లో అమెరికాలోని డెన్వర్‌లో థామస్ స్టార్జల్ మనిషికి తొలిసారి కాలేయ మార్పిడి చేశారు. రోగి బతకలేదు. 1967లో ప్రయత్నం ఫలించింది. అజాథయోప్రిన్, పెద్ద మోతాదు స్టెరాయిడ్లు అప్పటి ప్రధాన మందులు. ఆ రోజుల్లో ఏడాది దాటి బతికినవారు మూడోవంతు మాత్రమే. 1978లో కేంబ్రిడ్జిలో రాయ్ కాన్ సైక్లోస్పోరిన్ అనే మందును రోగులకు వాడారు. జపాన్‌లోని సుకుబా మట్టిలో దొరికిన సూక్ష్మజీవి నుంచి వచ్చిన టాక్రోలిమస్ అనే మందును 1989లో స్టార్జల్ పిట్స్‌బర్గ్‌లో ప్రవేశపెట్టారు. రోగులు ఏళ్లతరబడి బతకసాగాక మందుల వల్ల కలిగే హాని బయటపడింది: మధుమేహం, రక్తపోటు, అంటువ్యాధులు, క్యాన్సర్, మూత్రపిండాల వైఫల్యం. మార్పిడి జరిగిన ఐదేళ్లలో కాలేయ గ్రహీతల్లో 18 శాతం మందికి మూత్రపిండాలు తీవ్రంగా దెబ్బతిన్నాయని 2003లో ఒక అమెరికా అధ్యయనం తేల్చింది.

మిగతా అవయవాలతో పోలిస్తే కాలేయాన్ని శరీరం తేలిగ్గా ఒప్పుకుంటుంది. కొన్ని పందుల్లో మందులేమీ లేకుండానే మార్పిడి కాలేయం నిలిచిందని కాన్ బృందం 1969లోనే ప్రకటించింది. మందులు తమంతట తామే మానేసిన కొందరు రోగులు ఏళ్ల తర్వాత కూడా ఆరోగ్యంగా ఉన్నట్టు 1990ల ఆరంభంలో స్టార్జల్ బృందం గమనించింది. దాంతో వైద్యుల పర్యవేక్షణలో మోతాదు తగ్గించే ప్రయోగాలు మొదలయ్యాయి. 1997 నాటి నివేదిక ప్రకారం పిట్స్‌బర్గ్‌లో 95 మందిలో 18 మంది పూర్తిగా మందులు మానగలిగారు. 2012లో వెలువడిన మరో అధ్యయనంలో తల్లి లేదా తండ్రి నుంచి కాలేయం పొందిన 20 మంది పిల్లల్లో 12 మంది మానగలిగారు. 2013లో వెలువడిన యూరప్ అధ్యయనంలో 98 మంది పెద్దల్లో 41 మందికి అది సాధ్యమైంది. మిగిలిన 57 మందిలో తిరస్కరణ, అంటే శరీరం కాలేయాన్ని దెబ్బతీయడం, కనిపించింది. మార్పిడి జరిగి ఎక్కువ ఏళ్లు గడిచినవారిలో విజయం ఎక్కువ. ఎవరు మానగలరో ముందే కచ్చితంగా చెప్పే పరీక్ష లేనందున, నేటి సాధారణ పద్ధతి మానేయడం కాదు, తగ్గించడం. తొలి నెలల్లో స్టెరాయిడ్లు తగ్గిస్తారు. ఉదయం మాత్ర వేసుకోకముందు తీసిన రక్తంలో టాక్రోలిమస్ స్థాయి చూసి దాని మోతాదు సవరిస్తారు. మూత్రపిండాలు బలహీనమైతే మైకోఫినొలేట్ లేదా ఎవరోలిమస్ అనే మందు జోడించి టాక్రోలిమస్ ఇంకా తగ్గిస్తారు.

మన దేశానికి వస్తే, అవయవ మార్పిడికి 1994లో కేంద్ర చట్టం, 1995లో ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చాయి. భారత్‌లో కాలేయ మార్పిడి 1998లో విజయవంతమైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో జీవన్‌దాన్ అనే అవయవదాన పథకం అమల్లోకి వచ్చి, బ్రెయిన్ డెడ్ అయినవారి అవయవాల కేటాయింపు ఒక క్రమంలో పడింది. 2022 ఏప్రిల్ 4 దాకా గుంటూరు జిల్లాలో భాగంగా ఉండి, ఇప్పుడు పల్నాడు జిల్లాలో ఉన్న నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతాలకు పెద్ద వైద్యమంటే గుంటూరు, విజయవాడ, హైదరాబాద్ ప్రయాణమే. మోతాదు తగ్గించేటప్పుడు రక్తపరీక్షలు తరచుగా కావాలి కాబట్టి ఈ దూరం కూడా చికిత్సలో లెక్కకు వస్తుంది. ఖర్చు భరించలేక సొంతంగా మాత్రలు తగ్గించడం వేరే సంగతి. అది తిరస్కరణకు దారితీయవచ్చు. 2024 జూలై నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కాలేయ మార్పిడి చేయించుకున్న అర్హులకు నెలకు 10,000 రూపాయల పింఛను ఇస్తోంది.