నీరటి, పట్వారి, రైతు

మీ యింటిలో రేడియో మీట త్రిప్పగనే పలుకునది విద్యుత్తు బలమున. ఆ విద్యుత్తులో కొంతపాలు భూపాలపల్లి దాపునగల చెల్పూరునుండి వచ్చినదై యుండవచ్చును. ఆ యూర కాకతీయ తాపవిద్యుత్కేంద్రము 2010లో 500 మెగావాట్లతోను, 2016లో మరి 600 మెగావాట్లతోను పని కారంభించినది. సింగరేణివారి బొగ్గే దానికి ఆహారము. అయితే నేడు మేము ముచ్చటింపదలచినది ఆ పొగగొట్టములను గూర్చి కాదు. వాని చుట్టునున్న పల్లెలలో వెనుకటివారు దినదినము ఎట్లు బ్రతికిరి, ఎవరి చేతివ్రాతకు లోబడి బ్రతికిరి యనునదియే మా ప్రస్తావన.

ఈ సీమ చెరువుల సీమ. చెల్పూరునకు చేరువనే గణపురము గలదు. కాకతీయ గణపతిదేవుని పేర వెలసిన గణపసముద్రమును, కోటగుళ్లును అచ్చటనే యున్నవి. మరికొంత దూరమున పాలంపేటలో రేచర్ల రుద్రుడు 1213లో నెలకొల్పిన రామప్ప దేవాలయమును, దానికి తోడుగా రామప్ప చెరువును గలవు. ఆ గుడిని 2021లో యునెస్కోవారు ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించిరి. శిల్పములను చూడవచ్చినవారందరు చెరువుకట్ట నెక్కుదురో లేదో కాని, మా యెన్నికలో రైతునకు దగ్గరిచుట్టము చెరువే.

చెరువు కట్టించుట రాజు పని. దానిని కాచుట నీరటి పని. తూము ఎన్నడు ఎత్తవలెనో, ఎవరి మడికి ఎంతసేపు పారవలెనో, కట్టలో ఊట పుట్టిన తావెక్కడనో అతనికి తెలియును. అర్ధరాత్రి జడివాన పట్టినచో ఊరివారు తలుపులు బిగించుకొందురు. అతడు గొంగడి కప్పుకొని కట్టమీదికి పోవును. కళ్లములో రైతు కొలిచి యిచ్చు గింజలే అతని బ్రతుకుతెరువు. పంట పండని యేడు ఆ గింజలును లేవు.

ఇక నిజాము రాష్ట్రమున భూమిశిస్తు తరికి వేరు, ఖుష్కికి వేరు. చెరువు క్రింది మాగాణి తరి గనుక దానికి శిస్తు హెచ్చు. వానకాలపు పంట ఆబీ, యాసంగి పంట తాబీ. చెరువు నిండక మడి యెండినచో మాఫీ కోరవచ్చును. కాని యెండినదని వ్రాయవలసినవాడు పట్వారి. నీరటి కంట చూచినది సాక్ష్యము కాదు. పట్వారి కలమున దిగినదే సర్కారునకు సత్యము. చిక్కంతయు ఇచ్చటనే గలదు.

తహశీలు కచేరిలో నడచునది ఉర్దూ. కాలగణనము ఫసలీ. 1948 సెప్టెంబరు మనకు. కచేరికి అది 1357 ఫసలీ. నాణెము హాలీ సిక్కా; రాష్ట్రము దాటినచో చెల్లునది కలదారు. తన పొలము విస్తీర్ణమును, తాను చెల్లించిన పైకమునకిచ్చిన రసీదును తానే చదువుకొనలేని రైతు ఆ కాగితమును ఇంటి దూలమున చెక్కి దాచుకొనుట తప్ప మరి యేమి చేయగలడు? మాలీ పటేలు శిస్తు వసూలు చేయును, పోలీసు పటేలు తగవులు చూచును, పట్వారి లెక్క వ్రాయును. ముగ్గురిలో మొదటి యిద్దరికంటె రైతు మూడవవానికే జంకెడివాడు. కొందరు పట్వారులు ధర్మబుద్ధి గలవారై యుండిరనుటయు నిజమే.

వెట్టి సంగతి మనలో పెద్దలకు క్రొత్త కాదు. దౌరాకు వచ్చిన అధికారి సామాను మోయుటకు మనిషి, కుండలకు కుమ్మరి, బట్టలకు చాకలి, విందునకు గొల్లవాని గొఱ్ఱె. దొర మడిలో నాట్లు పడినగాని తన మడిలో నాగలి కట్టరాదు. తొలి నీరును దొర పొలమునకే. ఫ్రాన్సు దేశమున 1789 విప్లవమునకు పూర్వము రైతులచే కూలి లేక బాటలు వేయించెడివారు. ఇచ్చట బ్రతుకంతయు వెట్టియే. అప్పు పేర తరతరములు కట్టుబడు భగేలాలకొరకు 1936లో ఒక చట్టము చేసిరి. చట్టము పుట్టినది పట్టణమున, ఉర్దూలో. పల్లె చేరునప్పటికి దానిని చదివి చెప్పువాడు మరల ఆ పట్వారియే!

కనుకనే 1921లో ఏర్పడిన ఆంధ్రజనసంఘము ఉపన్యాసములతో సరిపెట్టుకొనక, వెట్టిని గూర్చి, వర్తక స్వాతంత్ర్యమును గూర్చి తెలుగున చిన్న పుస్తకములను ప్రకటించినది. మాడపాటి హనుమంతరావుగారు ఆ పనికి పూనిన తీరు మాకు మిక్కిలి మెచ్చదగినదిగ తోచును. నియమము ఉన్నదని తెలిసిన చాకలి, ఇక కూలి యడుగగలడు. సభ జరుపవలెనన్నచో 53వ గస్తీ ననుసరించి సర్కారు అనుమతి కావలసిన కాలమది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన తొలి ఆంధ్రమహాసభ జరిగినది. 1944 భువనగిరి సభలో సభ్యత్వ రుసుమును రూపాయినుండి నాలుగణాలకు తగ్గించుటతో పల్లెరైతు సంఘమున చేరజొచ్చెను. 1946 జులై 4న జనగామ తాలూకా కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండునకు బలియైన పిదప ఉద్యమము రూపు మారినది. అప్పుడు పలు గ్రామములలో జనులు మొదట తగులబెట్టినది గడీ తలుపులను గాదు, అప్పుపత్రములను. ఎందులకో వేరుగ చెప్పనక్కరలేదు.

పోలీసుచర్య జరిగిన మరుసటి యేడు, 1949లో, జాగీరులు రద్దయినవి. 1950లో కౌలుదారీ చట్టము వచ్చెను. 1954–55లో ఊరూర సర్వే నంబరు వారీగ ఎవరు దున్నుచున్నారో నమోదు చేసి ఖాస్రా పహాణీని సిద్ధపరచిరి. దున్నువాని పేరు కాగితమున నెక్కుటకు అదియొక గొప్ప అవకాశము. ఎక్కినవారు నిలదొక్కుకొనిరి. పట్వారి కంటబడని కౌలుదారులు, దొరకు జంకి పేరు చెప్పనివారు జారిపోయిరి.

పటేలు, పట్వారి పదవులు 1984లో రద్దయినవి. వారి స్థానమున వచ్చిన గ్రామోద్యోగుల పేర్లు పలుమారులు మారినవి. 2015లో మిషన్ కాకతీయ పేర చెరువుల పూడిక తీయించిరి. 2020లో గ్రామ రెవిన్యూ అధికారి పదవియు రద్దయి, లెక్కలన్నియు ధరణి యను కంప్యూటరు తెరమీదికి చేరినవి. తెల్లకాగితముమీద వ్రాసికొన్న క్రయపత్రములు, అనగా సాదాబైనామాలు, క్రమబద్ధముచేయుడని అప్పుడు లక్షలకొలది దరఖాస్తులు పడినవి. 2023లో నీరటి, మస్కూరి, లష్కరు పేర్లతో పనిచేసిన గ్రామ రెవిన్యూ సహాయకులను ఇతర శాఖలలో సర్దిరి. 2025లో ధరణికి మారుగ భూభారతి చట్టము వచ్చినది.

తెర మారినప్పుడెల్ల తగవు తేలుటకు అధికారులు అడుగునది మరల ఆ ఖాస్రా పహాణీనే. తాత పేరు అందు ఉన్నదో లేదో చూచుకొనుటకు, డెబ్బదియేండ్లనాటి ఆ పుట నకలుకొరకు రైతు కచేరి మెట్లెక్కుచున్నాడు. ఉర్దూ అక్షరములున్న పుట దొరకినచో, చదివి చెప్పువారిని వెదకుకొనుచున్నాడు.