ఇల్లు కట్టి చూడు, టెస్టింగ్ చేసి చూడు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు గానీ, కట్టిన ఇంటిని బాగుచేయించి చూడు అని మన పెద్దవాళ్ళెవరూ అన్నట్టు లేదు. అనాల్సింది. కొత్తిల్లయితే ఖాళీ స్థలం కళ్ళముందు కనబడుతుంది. ప్లాను ఉంటుంది, చదరపు అడుగుకి ఇంత అని మేస్త్రి ఓ లెక్క చెప్తాడు. ఆ లెక్క తప్పొచ్చు, కానీ లెక్క వెయ్యడానికి ఓ ఆధారం ఉంది. పాత ఇంట్లో బాత్రూం టైల్స్ మార్పిద్దాం అని మొదలుపెడితే మాత్రం కథ వేరు. టైలు లేపగానే కింద చెమ్మ. చెమ్మ ఎక్కణ్ణించిరా అంటే గోడలో పైపు. పైపు పట్టుకుంటే తుప్పు చేతికొస్తుంది. "ఇది మొత్తం మార్చాల్సిందే సార్" అంటాడు ప్లంబరు. టైల్స్‌కి వేసుకున్న డబ్బు పైపులకే సరి.

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళలో టెస్టింగ్ చేసినవాళ్ళకి ఈ కథ కొత్తగా ఉండదు. ఓ చిన్న డిఫెక్ట్ పట్టుకుని లాగితే దాని వెనక మాడ్యూల్ మొత్తం వస్తుంది. అయినా ప్రతి ప్రాజెక్టు మొదట్లోనూ ఎక్సెల్ షీట్ ముందు కూర్చుని "డెవలప్‌మెంట్‌కి ఇన్ని రోజులు, అందులో ముప్ఫై శాతం టెస్టింగ్" అని ఓ అంకె వేసేస్తాం. ఎందుకు ముప్ఫై అంటే సమాధానం ఉండదు. పోయిన ప్రాజెక్టులో అంతే వేశారు, అంతే. ఆ పోయిన ప్రాజెక్టు ఎన్ని నెలలు లేటయిందో మాత్రం షీట్‌లో ఎక్కడా ఉండదు :)

ఈ జబ్బు మనదొక్కళ్ళదే కాదు. మనస్తత్వ శాస్త్రవేత్తలు డేనియల్ కానెమన్, ఏమోస్ ట్వెర్‌స్కీ 1979లో దీనికి 'ప్లానింగ్ ఫాలసీ' అని పేరు పెట్టారు. పాత పనులన్నీ లేటయ్యాయని తెలిసికూడా, ఈసారి పని మాత్రం అనుకున్నట్టే జరుగుతుందని నమ్మడం. కానెమన్ తన పుస్తకంలో ఓ సర్వే సంగతి చెప్తాడు. 2002లో, వంటిల్లు బాగుచేయించుకున్న అమెరికన్లని అడిగితే, మొదట అనుకున్న ఖర్చు సగటున 18,658 డాలర్లు, చివరికి తేలింది 38,769. రెట్టింపు పైనే. ఇదేమీ పార్లమెంటు భవనం కాదు, వంటిల్లు! గట్టూ, సింకూ, అలమరాలూ. రోజూ నిలబడి వండుకునే గది గురించి కూడా మన అంచనా ఇంత ఘోరంగా ఉంటుందన్నమాట.

రెండు వేల ఏళ్ళ కిందట రోమన్ ఇంజనీరు విత్రూవియస్‌కీ ఇదే బాధ. వాస్తు నిర్మాణం మీద ఆయన రాసిన పది భాగాల గ్రంథంలో, పదో భాగం మొదట్లో ఎఫెసస్ నగరంలోని ఓ పాత చట్టం గురించి చెప్తాడు. (ఎఫెసస్ ఇప్పటి టర్కీలో ఉంది.) అక్కడ ప్రజల డబ్బుతో కట్టే పని ఒప్పుకున్నవాడు ముందే ఖర్చు అంచనా చెప్పాలి, తన ఆస్తి పూచీగా పెట్టాలి. చెప్పినంతలో పూర్తిచేస్తే సన్మానం. నాలుగో వంతు దాకా ఎక్కువైతే ఆ పైది ఖజానా భరిస్తుంది, శిక్ష లేదు. అంతకు మించితే మిగతాది అతని ఆస్తిలోంచే. ఇలాంటి చట్టం రోములోనూ ఉంటే బాగుండును, సొంత ఇళ్ళ విషయంలో కూడా, అని విత్రూవియస్ కోరిక. నాలుగు వందలు సిద్ధం చేసుకున్నవాడికి ఇంకో వంద పడితే ఎలాగో సర్దుకుంటాడు గానీ, సగానికి సగం పెరిగితే ఆశ వదులుకుని పని మధ్యలో ఆపేస్తాడు అంటాడు. ఎంత తెలిసిన మాట!

నాకు ఈ చట్టంలో శిక్ష కన్నా ఆ ఇరవై అయిదు శాతమే ముచ్చటగా అనిపించింది. తప్పు జరుగుతుందని చట్టమే ఒప్పుకుంది. మన దగ్గర బఫర్ అని ఓ వరస పెడితే మేనేజరు మొట్టమొదట కొట్టేసేది దాన్నే. ఏమాటకామాటే, ఈ చట్టం కట్టడానికి పనికొస్తుంది గానీ, మరమ్మత్తుకి పెడితే ఏ మేస్త్రీ పని ఒప్పుకోడు. గోడ లోపల ఏముందో తెలియకుండా ఆస్తి తాకట్టు ఎవడు పెడతాడు?

అసలు చిక్కు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. కొన్ని పనులు కట్టే పనులు, కొన్ని వెతికే పనులు. మరమ్మత్తూ, టెస్టింగూ రెండో రకం. ఎంత పని ఉందో తెలుసుకోవడమే సగం పని. మనం దీనికి మొదటి రకం ఫార్ములా వాడతాం. మరి వెతికే పనికి దగ్గర దగ్గరగా అంచనా వేసినవాళ్ళే లేరా అంటే, ఒకటుంది. అదీ మామూలు ఇల్లు కాదు, వైట్ హౌస్.

1948 నాటికి అమెరికా అధ్యక్షుడు హ్యారీ ట్రూమన్ ఉంటున్న ఆ ఇల్లు పైకి తెల్లగా, బ్రహ్మాండంగా ఉంది. లోపల మాత్రం నేల ఊగేది, షాండ్లియర్లు వాటంతటవే కదిలేవి. ఆ ఏడు వేసవిలో ఆయన కూతురు మార్గరెట్ పియానో కాలు ఒకటి నేలలోంచి కిందికి దిగబడిపోయింది. కింద ఉన్నది భోజనాల గది. తమాషా ఏమిటంటే, ఆ ఏడాదే ట్రూమన్ ఎందరు వద్దన్నా వినకుండా దక్షిణం వైపు కొత్త బాల్కనీ కట్టించాడు. కూలబోతున్న ఇంటికి బాల్కనీ! (పాత సిస్టంకి కొత్త యూఐ వేసిన ప్రాజెక్టు ఏదైనా గుర్తొస్తే నా పూచీ లేదు.)

ఆ ఇల్లు అలా ఎందుకయిందో చూస్తే, మన లెగసీ కోడ్ చరిత్ర చదివినట్టే ఉంటుంది. 1814లో ఇంగ్లీషు సైన్యం తగలబెట్టింది. బయటి గోడలు మిగిలితే లోపల మళ్ళీ కట్టుకున్నారు. తర్వాత నీళ్ళ పైపులు వచ్చాయి, గ్యాస్ దీపాలు వచ్చాయి, 1891లో కరెంటు వచ్చింది. ఒక్కోటి వచ్చినప్పుడల్లా చెక్క దూలాలకి కన్నాలు పెడుతూ, చెక్కుతూ పోయారు. ఎవడి పనికి వాడు చెక్కాడు, మొత్తం ఎంత చెక్కారో ఎవరూ లెక్కబెట్టలేదు. 1902లో థియొడోర్ రూజ్వెల్ట్ కాలంలో విందుల హాలు పెద్దది చెయ్యడానికి మెట్లూ, గోడా తీసేశారు. అదంతా నెలల్లో హడావుడిగా కానిచ్చిన పని. 1927లో కూలిడ్జ్ ఉన్నప్పుడు పైకప్పు తీసి, స్టీలూ కాంక్రీటుతో మూడో అంతస్తు పెంచారు. ఆ బరువంతా పాత లోపలి గోడల మీద పడింది. ఆ గోడల పునాదులేమో మెత్తటి బంకమట్టిలో. ప్రతి రిలీజూ విజయవంతమే మరి, గృహప్రవేశం ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చే ఉంటాయి!

ఇప్పుడు ట్రూమన్ మనుషులు చేసిన పని చూడండి. పియానో కాలు దిగబడగానే ఓ అంకె చెప్పి పని మొదలుపెట్టెయ్యలేదు. ముందు ఇంజనీర్ల చేత పరీక్ష చేయించారు. గోడల పైపూత అక్కడక్కడా కొట్టి, నేలలు లేపి, దూలాలు చూశారు. చూశాక, ఈ ఇంట్లో ఎవరూ ఉండకూడదన్నారు. ఎన్నికలు గెలిచిన ట్రూమన్ 1948 నవంబర్లో రోడ్డుకి అవతల ఉన్న బ్లెయిర్ హౌస్‌కి సామాను సర్దుకున్నాడు. 1949లో కాంగ్రెస్ ఆరుగురితో ఓ కమిషన్ వేసి 54 లక్షల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. మొత్తం కూలగొట్టి కొత్తది కడితే చవక అన్నవాళ్ళూ ఉన్నారు. చివరికి బయటి గోడలు ఉంచి లోపలంతా ఖాళీ చేసి, స్టీలు చట్రంతో కట్టాలని తేల్చారు. అంటే అంకె వచ్చేటప్పటికి గోడలో ఏముందో చాలావరకు తెలుసు. పరీక్షకీ, అంకెకీ మధ్య నెలలకి నెలలు గడిచాయి. మన దగ్గర ఆర్.ఎఫ్.పి. శుక్రవారం వస్తుంది, ఎస్టిమేట్ సోమవారం పొద్దున్నకి కావాలి.

పని 1949 డిసెంబర్లో మొదలైంది. లోపలంతా డొల్ల. నేషనల్ పార్క్ సర్వీస్ ఫొటోగ్రాఫర్ అబీ రో తీసిన ఫొటోలు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి, తప్పకుండా చూడండి. తెల్లగోడల మధ్య మట్టిలో ఓ బుల్‌డోజర్ నిలబడి ఉంటుంది. దాన్ని లోపలికి తేవడానికి గోడకి పెద్ద కన్నం పెడతామంటే ట్రూమన్ కుదరదన్నాడట. విడదీసి, ముక్కలుగా లోపలికి తెచ్చి, మళ్ళీ బిగించారు. బయటి గోడలు పడిపోకుండా వాటి కింద కొన్ని కొన్ని చోట్ల గుంతలు తవ్వుతూ, కాంక్రీటు పోస్తూ, గట్టినేల దాకా పునాది దించారు. ఇలాంటి పనికి ముందే అంచనా వెయ్యడం ఎంత కష్టమో ఊహించుకోండి. పైగా 1950 జూన్‌లో కొరియా యుద్ధం మొదలై సామాను ధరలు పెరిగాయి.

చివరికి? ట్రూమన్ కుటుంబం 1952 మార్చి 27న తిరిగి ఇంట్లోకి వచ్చింది. 1951లోనే అయిపోవాలనుకున్న పని కొన్ని నెలలు లేటు. ఖర్చు 57 లక్షల డాలర్ల పైచిలుకు. అంటే అనుకున్నదానికన్నా పది శాతం లోపే ఎక్కువ. ఆ వంటిళ్ళ వాళ్ళతో పోలిస్తే ఇది అద్భుతం. ఎఫెసస్‌లో అయితే ఒక్క పైసా జరిమానా ఉండదు.

కానీ ఇక్కడితో చప్పట్లు కొట్టేస్తే సగం కథే చెప్పినట్టు. అంకె ఎలా నిలబడిందో కూడా చూడాలి. లోపలి పాత చెక్కపని, అలంకరణ జాగ్రత్తగా ఊడదీసి, మళ్ళీ అమర్చాలన్నది మొదటి ఆలోచన. టైమూ డబ్బూ దగ్గరపడేసరికి అందులో చాలా భాగం తిరిగి రాలేదు. కొన్ని ముక్కలు జ్ఞాపికలుగా అమ్మారు, ఎంతో పాత సామాను గోతులు పూడ్చడానికి పోయింది. ఫర్నిచర్ దగ్గరికొచ్చేసరికి మిగిలింది కొంచెమే. బి. ఆల్ట్‌మన్ అనే న్యూయార్క్ డిపార్ట్‌మెంట్ స్టోరు లాభం చూసుకోకుండా సామాను సర్దింది కాబట్టి గడిచింది. అంటే పునాదిలో పెరిగిన ఖర్చుని చివరి పనుల్లోంచి కోసుకున్నారు. చివర్లో ఉన్న పనికి ఎప్పుడూ ఇదే గతి. ఇంట్లో చివరి పని ఫర్నిచరు కాబట్టి ఫరవాలేదు, సోఫా లేకపోతే చాప వేసుకుని కూర్చోవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో చివరి పని ఏమిటో మీకు చెప్పక్కర్లేదు.

ఈ సంగతి అంకెలతో సహా చెప్పినవాడు ఫ్రెడ్ బ్రూక్స్. ఐబీఎం 1964లో ప్రకటించిన సిస్టం/360 కంప్యూటర్లకి ఆపరేటింగ్ సిస్టం రాయించిన మేనేజరు. అది లేటయింది, ఖర్చు అంచనాకి ఎన్నో రెట్లయింది, మొదటి రిలీజు తర్వాత కూడా కొన్ని రిలీజుల దాకా సరిగ్గా పనిచెయ్యలేదని ఆయనే రాసుకున్నాడు. ఆ అనుభవంతో 1975లో 'మిథికల్ మ్యాన్-మంత్' వచ్చింది. అందులో ఆయన లెక్క ఇది: షెడ్యూల్లో మూడో వంతు ప్లానింగు, ఆరో వంతు కోడింగు, నాలుగో వంతు విడి భాగాల టెస్టింగు, ఇంకో నాలుగో వంతు మొత్తం సిస్టం టెస్టింగు. అంటే సగం టెస్టింగే! కోడింగ్‌కి మూడింతలు. మన ముప్ఫై శాతం ఫార్ములా పక్కన పెట్టి చూడండి.

అంతకన్నా బాగా చెప్పిందింకోటి. ఆయన చూసిన ప్రాజెక్టుల్లో షెడ్యూల్ వేసేటప్పుడు టెస్టింగ్‌కి సగం టైము ఇచ్చినవి చాలా తక్కువ, కానీ నిజంగా జరిగినప్పుడు చాలావాటిలో సగం టైము దానికే పట్టింది. మనం ఇచ్చినా ఇవ్వకపోయినా అది తన వాటా తీసుకుంటుంది. ఇవ్వకపోతే రిలీజ్ డేట్ ముందు, అందరూ తేదీ చెప్పేసుకున్నాక తీసుకుంటుంది. ఆ రాత్రుళ్ళు ఆఫీసులో గడిపేదెవరు? షీట్‌లో ముప్ఫై వేసినవాడు కాదు, ఆ తర్వాత టీంలోకి వచ్చిన కుర్రాళ్ళు. నేను చూసినంతలో ఎస్టిమేట్ తప్పితే దాన్ని జీతం నుంచి కొయ్యరు గానీ, నిద్రలోంచి కోస్తారు.

అందుకే నాకు ట్రూమన్ ఇంజనీర్ల పద్ధతి నచ్చింది. టెస్టింగ్‌కి ఒక్క అంకె అడిగితే రెండు ఇవ్వాలి. మొదటిది చిన్నది, గోడ కొట్టి చూడ్డానికి. రెండు వారాలు, ఇద్దరు మనుషులు, అన్నిటికన్నా పాత, ఎవరూ ముట్టుకోని మాడ్యూల్ మీద. అక్కడ దొరికిన డిఫెక్టులు లెక్కబెట్టాక రెండోది. క్లయింటు ఒప్పుకోడంటారా? మొదట్లో ఒప్పుకోడు. మా పాత టీంలో లీడ్ ఒకాయన ఇలాగే రెండు అంకెలు పంపిస్తే, "ఒకటే అంకె పంపండి" అని వెనక్కొచ్చింది. ఆయన రెండూ కలిపి ఒకటి పంపాడు, కింద మాత్రం "పదో రోజున ఈ అంకె మారవచ్చు" అని రాశాడు. పదో రోజున మారింది. తిట్లు పడ్డాయి గానీ, పదో రోజున పడ్డాయి, రిలీజుకి ముందురోజు కాదు. ఫీచర్లు రెండు పక్కన పెట్టుకునే టైము మిగిలింది.

బ్రూక్స్ 2010లో 'డిజైన్ ఆఫ్ డిజైన్' అని ఇంకో పుస్తకం రాశాడు. అందులో తన అనుభవంలోని డిజైన్లని వరసగా విడమర్చి చెప్తాడు. సిస్టం/360 ఉంది, దాని ఆపరేటింగ్ సిస్టం ఉంది. వాటి పక్కనే, అదే వరసలో, సముద్రం ఒడ్డున ఆయన కట్టుకున్న ఇల్లూ, పాత ఇంటికి కలిపిన కొత్త భాగమూ, బాగుచేయించుకున్న వంటిల్లూ ఉన్నాయి.