తోడేలు పెట్రోల్‌లో నేను చేరను సార్!

మొన్న శనివారం డాలస్ నుంచి మా పాత టీం లీడ్ ఫోన్ చేశాడు. ఆయన్ని నేను అన్నా అనే పిలుస్తాను. వాళ్ళబ్బాయికి పదకొండేళ్ళు, కొత్తగా స్కౌట్స్‌లో చేరాడట. అక్కడ ఏడుగురు పిల్లల్ని కలిపి ఒక పెట్రోల్ చేసి, పేరు మీరే పెట్టుకోండి అన్నారట. ఏడుగురిలో నలుగురు మన తెలుగు పిల్లలే. "చిన్నప్పుడు నువ్వు స్కౌట్‌వి కదా తమ్ముడూ, మాంఛి పవర్‌ఫుల్ తెలుగు పేరొకటి చెప్పు" అన్నాడు. రెండు నిమిషాల పని అనుకున్నాడాయన. నేనూ అలాగే అనుకున్నాను. తీరా కూర్చుంటే రెండు రోజులు పట్టింది. సర్వర్‌కి పేరు పెట్టడానికే గంట మీటింగ్ పెట్టుకునేవాళ్ళం కదా, మీకు ఆశ్చర్యం ఉండదు లెండి :)

తెలీనివాళ్ళకోసం: పెట్రోల్ అంటే బంకులో పోసేది కాదు. స్కౌట్స్‌లో ఆరుగురో ఎనిమిదిమందో పిల్లలుండే చిన్న జట్టు. అలాంటి నాలుగైదు జట్లు కలిస్తే ట్రూప్. ప్రతి పెట్రోల్‌కీ ఒక పేరు, ఒక జెండా, ఒక అరుపు ఉంటాయి. మా బళ్ళో "పెట్రోల్ లీడర్" అనగానే పిల్లలంతా కిసుక్కున నవ్వేవాళ్ళు.

మాది మంత్రాలయం పక్కన ఊరు. మా సారు మొదటిరోజే బోర్డు మీద నాలుగు పేర్లు రాశాడు.. లయన్, టైగర్, ఉల్ఫ్, ఈగల్. నేను ఈగల్‌లో పడ్డాను. ఉల్ఫ్‌లో పడ్డవాడు మాత్రం లేచి నిలబడ్డాడు. వాళ్ళది గొర్రెలు మేపే ఇల్లు. "తోడేలు పెట్రోల్‌లో నేను చేరను సార్. మా గొర్రెల్ని తినిపోయేది అదే. ఈ పేరు పెట్టుకున్నానని తెలిస్తే మా నాయన ఇంట్లోకి రానీడు" అన్నాడు. క్లాసంతా గొల్లుమంది. సారు వాణ్ణి టైగర్‌లోకి మార్చి ఊరుకున్నాడు. మా మేకలు పులినోట పడ్డ రోజులు ఎప్పుడో పోయాయి కాబట్టి దానితో ఎవరికీ తగువు లేదు.

వాడు అడిగిన ప్రశ్న ఎంత పెద్దదో ఇప్పుడు అర్థమౌతోంది.

ఈ పేర్ల కథ ఎక్కడ మొదలైందో చూద్దాం. 1907 ఆగస్టులో ఇంగ్లాండు దక్షిణ తీరంలో బ్రౌన్‌సీ అనే చిన్న దీవి మీద బేడెన్ పవెల్ ఒక క్యాంపు పెట్టాడు. సుమారు 20 మంది పిల్లలు. కొందరు ఈటన్, హారో లాంటి డబ్బున్నవాళ్ళ బళ్ళ నుంచి, కొందరు చుట్టుపక్కల ఊళ్ళలోని పనివాళ్ళ ఇళ్ళ నుంచి. వాళ్ళని కలగలిపి నాలుగు జట్లు చేశాడు. తోడేళ్ళు, ఎద్దులు, మాలకాకులు, నాలుగోది కర్ల్యూ అనే పొడుగుముక్కు నీటిపక్షి. ఒక్కో జట్టుకి ఒక్కో రంగు రిబ్బను.

ఇక్కడో కిటుకుంది. ఆ కాలపు ఇంగ్లాండులో నోరు తెరిస్తే చాలు, యాసని బట్టి ఎవడే ఇంటివాడో తెలిసిపోయేది. కానీ దొర కొడుకూ తోడేలే, కూలివాడి కొడుకూ తోడేలే అయినప్పుడు, కనీసం ఆ వారం రోజులు ఇంటి పేరు పక్కకి తప్పుకుంటుంది. జంతువు పేరు పెట్టడం అలంకారం కోసం కాదు. ఇంటి పేరుకి బదులు ఇంకో పేరు ఇవ్వడానికి.

మరుసటి ఏడాది, 1908లో, వచ్చిన 'స్కౌటింగ్ ఫర్ బాయ్స్' పుస్తకంలో ఈ పద్ధతిని ఆయన వివరించాడు. పెట్రోల్‌లో ప్రతివాడూ తమ జంతువు అరుపు అరవగలగాలి. చీకట్లోనో పొదల్లోనో ఒకళ్ళనొకళ్ళు పోల్చుకోవడానికి అదే గుర్తు. పక్క పెట్రోల్ అరుపు వాడకూడదు. దాని బొమ్మ గీసి సంతకంలా వాడాలి. ఆయన చెప్పిన ఇంకో సలహా: మీ ప్రాంతంలో నిజంగా ఉండే జంతువునో పక్షినో ఎంచుకోండి అని. మన బళ్ళన్నీ మర్చిపోయింది సరిగ్గా దీన్నే.

ఆయన బ్రౌన్‌సీ పేర్లనే యథాతథంగా మంత్రాలయానికి తెచ్చారనుకోండి. తోడేలు సంగతి చూశాం. కాకి అంటే మాకు పిండం ముట్టేది, శనీశ్వరుడి వాహనం. ఆ జెండా ఏ తల్లీ కుట్టివ్వదు. ఎద్దు అని పిలిస్తే బళ్ళో అది తిట్టు. కానీ మా కర్నూలు జిల్లాలో జాతరలకి బండలాగుడు పోటీలు పెడతారు కదా, అక్కడ అదే ఎద్దు హీరో. ఇక ఆ కర్ల్యూ ఏ పిట్టో, దాని అరుపు ఎలా ఉంటుందో మాలో ఒక్కడికీ తెలీదు. నాలుగు పేర్లు దిగుమతి చేసుకుంటే ఒకటి శత్రువు, ఒకటి అపశకునం, ఒకటి సగం తిట్టు సగం పొగడ్త, ఒకటి శూన్యం. ఆండ్రాయిడ్ వెర్షన్లకి మిఠాయిల పేర్లు పెట్టి పెట్టి, అవి ప్రపంచంలో అందరికీ అర్థం కావడం లేదని 2019లో గూగుల్ అంకెలకి మారింది గుర్తుందా? అదే బగ్.

తమాషా ఏంటంటే, బేడెన్ పవెల్ సొంత తోడేలు కూడా అసలు తోడేలు కాదు. 1896లో ఇప్పటి జింబాబ్వేలో, అక్కడి జనం తిరగబడితే అణచడానికి వెళ్ళిన సైన్యంలో ఆయనున్నాడు. వాళ్ళు తనని ఇంపీసా అన్నారని, అంటే నిద్రపోని తోడేలని ఆయన చెప్పుకునేవాడు. కానీ ఆ భాషలో ఆ మాటకి అర్థం దుమ్ములగొండి, హైనా! ఒక చోటి పేరుని ఇంకో చోటికి మోసుకెళ్తే దారిలో ఏమౌతుందో చెప్పడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. ఆ తోడేలు పేరుతోనే స్కౌట్స్‌లో అతి పెద్ద గౌరవం 'సిల్వర్ ఉల్ఫ్' వచ్చింది.

మనదేశానికి స్కౌట్స్ 1909లో బెంగుళూరుకి వచ్చింది. అయితే తెల్లవాళ్ళ పిల్లలకీ ఆంగ్లో ఇండియన్ పిల్లలకీ మాత్రమే. మన పిల్లల్ని చేర్చుకోలేదు. అప్పుడు అనీబిసెంట్, అరండేల్ కలిసి 1916లో మద్రాసులో ఇండియన్ బాయ్ స్కౌట్స్ అసోసియేషన్ పెట్టారు. అప్పటికి మన జిల్లాలన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోవే. రాయలసీమలోనే, మదనపల్లెలో, 1915లో కాలేజీ పెట్టింది కూడా ఆవిడే. ఆవిడ స్కౌట్లు టోపీకి బదులు తలపాగా చుట్టేవాళ్ళు. ఉత్తరాన మదన్ మోహన్ మాలవీయ, హృదయనాథ్ కుంజ్రూ సేవా సమితి స్కౌట్స్ నడిపారు. 1921లో బేడెన్ పవెల్ ఇక్కడికి వచ్చినప్పుడు బిసెంట్ సంస్థ ఆయన సంస్థలో కలిసింది. 1932లో ఆవిడకి ఆ సిల్వర్ ఉల్ఫ్ కూడా ఇచ్చారు. 1937లో ఆయన మళ్ళీ వచ్చి వెళ్ళాక, భారతీయుల గురించి అన్న మాటలు నచ్చక, మనవాళ్ళు విడిపోయి హిందుస్తాన్ స్కౌట్స్ పెట్టుకున్నారు. చివరికి 1950 నవంబర్ 7న ఆ రెండు స్కౌట్ సంస్థలూ కలిసి భారత్ స్కౌట్స్ అండ్ గైడ్స్ అయ్యింది.

ఈ కథలో నాకు నచ్చింది పేర్లు మారిన పద్ధతి. మన సంస్థ ఇచ్చే అతి పెద్ద గౌరవం పేరు 'సిల్వర్ ఎలిఫెంట్'. వెండి తోడేలు కాస్తా వెండి ఏనుగైంది. చిన్న ఆడపిల్లల జట్టుని ఇంగ్లాండులో బ్రౌనీలు అంటారు, అక్కడి జానపద కథల్లో రాత్రిపూట ఇంటిపని చేసిపెట్టే బుల్లి దేవతల పేరు. మనకి అది అతకదు. అందుకే మన దగ్గర వాళ్ళు బుల్‌బుల్‌లు. అంటే పైన ఢిల్లీ స్థాయిలో పేర్లు మనవయ్యాయి. కింద ఆరో తరగతి బోర్డు మీద మాత్రం లయన్, టైగర్, ఉల్ఫ్, ఈగల్ అలాగే ఉండిపోయాయి.

"మరి మహానుభావుల పేర్లు పెట్టొచ్చుగా" అంటారేమో. మా బళ్ళో ఆ ప్రయత్నమూ జరిగింది. పది నిమిషాల్లో గొడవైంది. మా సీమలో ఏ పెద్దమనిషి పేరెత్తినా వెనకనుంచి ఎవరో ఒకరు "ఆయన మావోడు" అంటారు. ఆ వెంటనే ఇంకొకడు "అయితే మాకొద్దు" అంటాడు. దేశం కోసం ప్రాణమిచ్చినవాళ్ళని కూడా కులాల లెక్కన పంచుకున్నాం మనం, ఏం చేస్తాం. పిట్టకి మాత్రం కులం లేదు, పార్టీ లేదు. బ్రౌన్‌సీలో దొర కొడుకుని, కూలివాడి కొడుకుని కలిపిన ఉపాయం అవసరం మా సీమకే ఎక్కువ. పెట్రోల్ అన్న మాటని తెలుగు చేసి 'దళం' అందామని ఇంకొకడన్నాడు. నల్లమల ఉన్న జిల్లాలో సింహదళం అని జెండా పట్టుకుని తిరిగితే ఏమౌతుందో సారుకి తెలుసు కాబట్టి ఆయనే వద్దన్నాడు :)

2008 డిసెంబర్‌లో తుంగభద్ర పుష్కరాలొచ్చాయి. స్కౌట్స్‌ని మంత్రాలయం ఘాట్‌ల దగ్గర మంచినీళ్ళివ్వడానికి, ముసలివాళ్ళకి చెయ్యందించడానికి పెట్టారు. కన్నడం, తమిళం, మరాఠీ, తెలుగు అన్నీ కలిసిన జనం. రెండోరోజు మా ఈగల్ పెట్రోల్‌లో అందరికన్నా చిన్నవాడు కనబడకుండా పోయాడు. మేం విజిల్ ఊదాం. పోలీసులూ విజిలే ఊదుతున్నారు, బొమ్మలమ్మేవాడూ విజిలే. పేరు పెట్టి పిలుద్దామంటే వాడి పేరు రాఘవేంద్ర. మంత్రాలయంలో రాఘవేంద్రా అని అరిస్తే దండం పెడతారు గానీ వెనక్కి తిరిగి చూడరు! ఈగల్ అరుపు మాకెవరికీ రాదు. అప్పుడు మాలో ఒకడు నోటికి చేతులడ్డం పెట్టి కౌజుపిట్ట కూత కూశాడు. మా చేలగట్ల మీద పొద్దున్నే వినబడే ఆ గట్టి కూత పట్నాలనుంచి వచ్చిన ఆ జనంలో ఎవరికీ పట్టలేదు. వాడికి పట్టింది. దుకాణాల వెనక నుంచి అదే కూత తిరిగొచ్చింది. వాడూ చేలల్లో తిరిగినవాడే మరి.

పుష్కరాలు అయ్యాక సారు ఏమీ అనకుండా బోర్డు మీద ఈగల్ కొట్టేసి 'కౌజు' అని రాశాడు. ఈగల్‌తో పోలిస్తే కౌజు ఏపాటి పిట్ట, బెత్తెడంత! కానీ ఆ ఒక్క పేరే మేం అరవగలిగిన పేరు, ఇంట్లో చెప్తే అవ్వకి కూడా అర్థమైన పేరు.

పిల్లలకి ఒక పిట్ట పేరు తెలిస్తే ఏమొస్తుంది అని కొట్టిపారెయ్యకండి. పక్కన కడప జిల్లాలో ఏం జరిగిందో వినండి. 1848లో జెర్డాన్ అనే ఆంగ్లేయుడు ఒక పిట్టని లోకానికి చెప్పాడు. 1900 తర్వాత ఏ శాస్త్రవేత్తకీ అది కనబడలేదు. అంతరించిపోయిందనే అనుకున్నారు. 1986 జనవరిలో సిద్ధవటం వైపు రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే వేటగాడు రాత్రిపూట దాన్ని పట్టుకున్నాడు. అప్పటికే ముసలివాడైన సలీం అలీ కబురు తెలియగానే వచ్చాడు. శాస్త్రం పోయిందనుకున్న పిట్ట అక్కడి జనానికి ఎప్పుడూ పోలేదు. వాళ్ళు దాన్ని కలివికోడి అన్నారు, కలివి పొదల్లో తిరుగుతుంది కాబట్టి. ఎక్కడ వెతకాలో ఆ పేరులోనే ఉంది! దాని కోసం శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ దారి కూడా మార్చారు. ఇటు కర్నూలు వైపు నందికొట్కూరు దగ్గర రోళ్ళపాడులో బట్టమేక పిట్ట ఉండేది. ఇప్పుడు అక్కడ అది దాదాపు కనుమరుగైపోయింది. పిట్ట పోతే పేరు పోతుంది, నిజమే. కానీ పేరు పోయాక, పిట్ట పోతున్నా ఎవరికీ తెలీదు.

ఇదంతా ఆలోచించి, ఎంతో ఉత్సాహంగా అన్నకి లిస్టు తయారుచేశాను. కలివికోడి, కౌజు, బట్టమేక, కృష్ణజింక, పాలపిట్ట. పంపుదామని మెయిల్‌లో వేలు పెట్టాక ఆగిపోయాను. డాలస్‌లో ఉన్న పిల్లాడికి నేను కలివికోడి ఇస్తే, మా సారు నాకు ఈగల్ ఇచ్చినట్టే కదా? వాడు దాన్ని చూడలేదు, వినలేదు, వాళ్ళ పెరట్లోకి అది రాదు. వాడితో ఉన్న మిగతా ముగ్గురు పిల్లలకి ఆ మాట నోరు కూడా తిరగదు. మన సెంటిమెంటు కోసం వాడి జెండా ఎందుకు వాడుకోవాలి?

అందుకే లిస్టు చెరిపేసి ఇలా రాశాను. "అన్నా, తెలుగు పేరు వద్దు. ఒక వారం పొద్దున్నే పిల్లలు ఏడుగురినీ బయటికి తీసుకెళ్ళు. వాళ్ళు ఏ పిట్ట కూత నేర్చుకుని ఒకళ్ళనొకళ్ళు పిలుచుకోగలిగితే ఆ పేరు పెట్టమను. మీ టెక్సస్ రాష్ట్రపక్షి మాకింగ్‌బర్డ్ అట, అన్ని పిట్టల కూతలూ అదే కూస్తుందట, వినమను. కలివికోడి కథ మాత్రం రాత్రి పడుకునేటప్పుడు చెప్పు."

నిన్న జవాబొచ్చింది. పేరు ఇంకా తేలలేదట. కానీ వాళ్ళబ్బాయి మూడు రోజులుగా అలారం లేకుండా లేస్తున్నాడట.

మీ బళ్ళో ఏం పేర్లుండేవి? వాటిలో ఒక్కదాని అరుపైనా మీకొచ్చా?