బంగారుపాళ్యపు సంత



ఈ సంచికకు చరిత్ర విషయమొకటి వ్రాయుమని కార్యదర్శిగారు కోరినపుడు, నేను పాళెగాండ్ర యుద్ధములను గూర్చి వ్రాయుదునని వారు తలంచియుందురు. ఆ కథ లిదివరకే పలువురు వ్రాసిరి. మన తాతలు కత్తి పట్టినది కొలది దినములు, తక్కెడ యెదుట చేతులు కట్టుకొని నిలిచినది పెక్కు తరములు. కాన సంతను గూర్చియే వ్రాయుచున్నాను.

బంగారి పాళెము చిత్తూరు పాళెములలో నొకటి. పాళెగాడు సీమకు కావలి కాచి, పైవారికి పేష్కషు చెల్లించెడివాడు. 1801లో కర్ణాటక నవాబు సీమ కుంపిణీవారి వశమైన పిమ్మట ఈ ప్రాంతమున తిరుగుబాటు రేగి యణగినది. తరువాత బంగారి జమీందారీగా నిలిచి, 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టముతో ముగిసినది. నడుమ 1908 నాటి ఎస్టేట్ల భూమి చట్టము రైతునకు సాగుహక్కును స్థిరపరచినది. భూమి మాట సరే. పండిన పంట మాట యేమి? పూర్వము సరకు ఊరు దాటిన సుంకము, కనుమ దాటిన సుంకము. మదరాసు రాజధానిలో ఈ దారిసుంకములు 1844లో తొలగినవి. అటుపిమ్మట సంత యందలి రుసుము మాత్రము మిగిలినది.

ఇచట సంస్కృతపు పంతులు నొక ముచ్చట చెప్పనిండు. కౌటిల్యుడు కృషిని, పశుపాలనమును, వాణిజ్యమును కలిపి ‘వార్త’ యని పేర్కొనెను. అట్టి మహాశయుడే పండినచోట సరకు నమ్మరాదని శాసించి, తోటలోనే పూలు పండ్లు కొన్నవానికి 54 పణముల దండుగ విధించెను. సరకెల్ల సుంకపుశాల మీదుగా పోవలెనని ఆయన యభిమతము. మదరాసువారి 1933 నాటి వాణిజ్యపు పంటల మార్కెట్ల చట్టమును, ఆంధ్రప్రదేశమున 1966లో వచ్చిన మార్కెట్ల చట్టమును చదివినపుడు నాకా 54 పణములే జ్ఞప్తికి వచ్చినవి. అయితే ఉద్దేశము వేరు. ఇందు బొక్కసముకంటె రైతును కాపాడుట ముఖ్యము: తూకము నలుగురి యెదుట జరుగవలెను, వర్తకునకు లైసెన్సు ఉండవలెను. ఉద్దేశము మంచిదే. కాని చట్టము యార్డు గేటువద్ద నిలిచినంత గట్టిగా తక్కెడవద్ద నిలువలేదు.

నా బాల్యమున మా నాయన శెనక్కాయలు, నల్లబెల్లము, వేసవిలో మామిడికాయలు బండి కట్టి తోలుకొని పోయెడివాడు. నడిరేయి బయలుదేరిన తెల్లవారునప్పటికి చేరెడివారము. ఆయన లెక్కపుస్తకము నాయొద్ద నున్నది. అందు ప్రతి అమ్మకమునకును రెండు తూకములు: ఇంటివద్ద తూచినది, మండీలో తేలినది. నడుమ ‘తరుగు’ అని యొక గడి. ముందుగా బాకీ తెచ్చుకొనిన మండీకే కాయ వేయవలెను గనుక, ఆ గడిలోని యంకెను ఆయన యెన్నడును ప్రశ్నింపలేదు. నేను లెక్కలు నేర్చిన పిమ్మట ఒకసారి కూడి చూపితిని. “మూసిపెట్టరా, వచ్చే యేడు కూడా వాళ్ళ దగ్గరికే పోవాల” అనెను.

ఇప్పుడు ఈ మండలము మామిడికి ప్రసిద్ధము. బేనీషా, ఖాదరు, నీలము కలవు కాని, తోటలలో అధికభాగము తోతాపురియే. మనవారు దానిని బెంగుళూరా యందురు. అది గుజ్జు కర్మాగారములకు పోవు కాయ. గంపలో పెట్టి సంతలో అమ్ముకొనునది కాదు. కాయ యంతయు ఒకే ఋతువున దిగును, కొన్ని దినములలో చెడును, కొనువారు కొందరే. 2025లో జరిగినది మీ రెరుగుదురు. కిలోకు 12 రూపాయలు రైతునకు చేరవలెనని, అందు 8 కర్మాగారములవారు, 4 ప్రభుత్వము ఇచ్చునట్లు నిర్ణయమైనది. జూలైలో కేంద్రమువారు క్వింటాలు 1,490.73 రూపాయల లెక్కన 1.62 లక్షల టన్నులకు ధరవ్యత్యాసపు సాయమును అంగీకరించిరి. అప్పటికే మా బంధువుల కాయ వరుసలో నిలిచిన ట్రాక్టరుపైననే మెత్తబడెను.

కూరగాయల సంగతి వేరు. పంజాబులో 1987 నుండి రైతులే అమ్ముకొను ‘అప్నీ మండీ’లు కలవు. మన రాష్ట్రమున 1999 జనవరి 26న రైతుబజారులు మొదలైనవి. అదే యేడు నవంబరున తమిళనాట ‘ఉళవర్ సందై’ వెలసినది. వీనియందు దళారి లేడు. సాగుదారుడని గుర్తింపు పొందినవాడే అమ్మును. అరయెకరము వంగ, బీర వేసిన ఇల్లాలికి ఇది నిజమైన మేలు. పది యెకరముల బెంగుళూరా వేసినవానికి దీనివలన కలుగునది స్వల్పము. ఈ భేదము నెరుగక, రైతుబజారు పెట్టిన సర్వము చక్కబడునని సభలలో పలుకువారిని వినుచున్నాను. వారు తోట చూచినవారు కారు.

మామిడికి మనవంటి చిన్న సంఘము చేయగలిగినది కొంచెమే. బాకీ తీర్చుకొని, నచ్చిన మండీకి కాయ వేయుటకు వీలుగా తక్కువ వడ్డీకి చేబదులిచ్చు నిధి యొకటి యున్న, మా నాయనవంటివాడు ఆ గడిని గూర్చి నోరు విప్పగలిగెడివాడు. సంతకు వచ్చు స్త్రీలకు మాత్రము నీడ కావలెను, తూకము కావలెను. సంఘపు సత్రము ప్రక్క ఖాళీస్థలము సంతనాడు బండ్లు నిలుపుటకే యుపయోగపడుచున్నది. అచట రేకులపందిరియు, ముద్రవేసిన తూకపుయంత్రమును పెట్టుటకు దాతలు ముందుకు రావలెను. నా వంతుగా రెండు నెలల పింఛను కార్యదర్శిగారి కప్పగించితిని.